వకీలు, ఫొటోగ్రాఫర్ సిరీస్: ఆఖరి పుస్తకం ఎలా ముగించాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగారు:

అందరికీ నమస్కారం. డిటెక్టివ్ నవలలు, అందులోనూ ప్రేమకథ కలిసినవి బాగా చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

నా సిరీస్‌లో నాయకులిద్దరూ మగవాళ్లే. ఒకరు ఒడిశాలోని పర్లాకిమిడి కోర్టులో ప్రాక్టీసు చేసే తెలుగు వకీలు. ఇంకొకరు బజార్లో స్టూడియో పెట్టుకున్న ఒడియా ఫొటోగ్రాఫర్, పోలీసులు పిలిస్తే వెళ్లి శవపంచనామా ఫొటోలు తీసిపెడతాడు. అలాంటి ఒక పంచనామా దగ్గరే మొదటి పుస్తకంలో కలిశారు. కథాకాలం 2016లో మొదలై ఆరో పుస్తకానికి 2023కి వచ్చింది. ఏడోది ఆఖరిది, 2025లో జరుగుతుంది.

నేరం వరకు దారి కనిపిస్తోంది. ఆంధ్రాలోని పాతపట్నం వైపు ఏటి ఒడ్డున ఒక భూముల దళారి శవం దొరుకుతుంది. దాని వెనక ఒక దొంగ విల్లు, అంటే వీలునామా, ఉంటుంది. ఆ విల్లు పుట్టించినవాడు మొదటి పుస్తకం నుంచీ అందరికీ తెలిసిన మనిషే. వాడు పట్టుబడేదాకా అధ్యాయాలు వేసుకున్నాను, ఆ తర్వాతే చెయ్యి ఆడటం లేదు.

పాఠకుల్లో కొందరు పెళ్లి కావాలంటున్నారు. ఇద్దరిలో ఒకరు చనిపోతేనే కథకు బరువు అని కొందరు. ఇద్దర్నీ రైలెక్కించి ఊరు దాటించేయమని ఇంకొందరు. మూడూ నాకు మనస్కరించలేదు, నాలుగోది తోచలేదు. పాత పుస్తకాల్లో వదిలేసిన కొసలు కూడా చాలా ఉన్నాయి: వకీలు అక్క ఎందుకు మాట మానేసింది, మూడో పుస్తకంలో బెదిరింపు ఉత్తరాలు రాసిందెవరు, ఫొటోగ్రాఫర్ తండ్రి కెమెరా ఏమైంది, ఇంకా చిన్నాచితకా. అన్నీ ఇందులోనే తేల్చాలా? హంతకుడు దొరికాక ఎంత దూరం నడిపితే పాఠకుడు విసుక్కోడు? లెక్కలతో చెప్తే మేలు.

బరంపురం బుక్‌షెల్ఫ్:

మహేంద్రతనయ గారూ, ముందు లెక్క చూద్దాం. మామూలు డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరికాక నూటికి నాలుగైదు పేజీల్లో ముగించేయాలి. అంతకు మించితే సాగదీసినట్టుంటుంది, పాఠకుణ్ణి లాక్కొచ్చిన ప్రశ్న అక్కడితో అయిపోయింది కాబట్టి. మీ ఏడో పుస్తకానికి ఆ లెక్క పనికిరాదు. చంపిందెవరు అన్నదానికంటే, రేపటి నుంచి వీళ్లిద్దరూ ఎలా బతుకుతారు అన్నది ఆరు పుస్తకాలుగా పాఠకుణ్ణి వెంటాడుతోంది. దానికి జవాబు హంతకుడు దొరికాక మాత్రమే చెప్పగలరు. పుస్తకం 60 వేల మాటలు అనుకోండి. 50 వేల దగ్గర వాడు పట్టుబడాలి, మిగతా 10 వేలు వీళ్లిద్దరివి.

ఆ 10 వేలలో మొదటి రెండు వేలు అలసటకు ఇవ్వండి. వాంగ్మూలాలు, నిద్రలేమి, తిండి మీదికి మనసు పోకపోవడం, ఇద్దరూ ఒకరి మీద ఒకరు చిరాకు పడటం. తర్వాత ఐదు వేలలో ఒక చిన్న చిక్కు పెట్టండి. హత్య కాదు, ఆఫీసు పనో ఇంటి పనో కావాలి, అది ఇద్దరూ కలిస్తేనే తెమలాలి. చిక్కేమీ లేకుండా ఐదు వేల మాటలు సంతోషం రాస్తే ఎంతటి అభిమాని అయినా పేజీలు తిప్పేస్తాడు. ఆఖరి మూడు వేలు చివరి అధ్యాయం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు పాత్రల ఊరేగింపు. టీకొట్టు ముసలాయన, కోర్టు గుమస్తా, రెండో పుస్తకంలో విడుదలైన ముద్దాయి తల్లి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తారు. చదివేవాడికి సన్మానసభలో కూర్చున్నట్టు ఉంటుంది. వాళ్ల వీడ్కోళ్లన్నీ హంతకుడు దొరకకముందే, విచారణ దృశ్యాల్లో జరిగిపోవాలి. టీకొట్టాయన దగ్గరికి వకీలు ఒక సాక్ష్యం కోసం వెళ్తాడు. ఆయన చెప్పాల్సింది చెప్పి, బాకీ ఇరవై రూపాయలు గుర్తుచేసి, పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్తాడు. ఆయన మళ్లీ కనిపించడు. ఇదే ఆఖరిసారి అని ఆ పేజీలో ఎక్కడా చెప్పకండి. పుస్తకం అయ్యాక పాఠకుడికి అదే గుర్తొస్తుంది.

కొసల సంగతి. ఒక నోటుబుక్కు తీసుకుని ఆరు పుస్తకాలూ మొదటి నుంచి చదవండి. ప్రతి కొసకూ ఏ పుస్తకం, ఏ అధ్యాయం, ఏ వాక్యంలో ఆ ముడి వేశారో యథాతథంగా రాసుకోండి. వాక్యం రాసుకోవడం ముఖ్యం, ఎందుకంటే రాసినవాడికి గుర్తున్నది వేరు, అచ్చులో ఉన్నది వేరు. మీరు రహస్యం అనుకున్నది అక్కడ ఒక చిన్న ప్రస్తావన మాత్రమే అయి ఉండొచ్చు. పక్కన ఇంకో గడి గీసి, కథలో ఈ జవాబు కావాలని కోరుకునే మనిషెవరో రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ కొసను వదిలేయొచ్చు. అక్క సంగతి తేలాలని వకీలు కోరుకుంటున్నాడు, అది తేలాలి. కెమెరా ఏమైందని ఫొటోగ్రాఫర్ ఆరు పుస్తకాల్లో ఎన్నిసార్లు అడిగాడు? ఒక్కసారే అయితే అది తెరిచి ఉన్నా ఫర్వాలేదు.

ఒకే దృశ్యంలో అన్ని ముళ్లూ విప్పొద్దు. హత్యతో పాటు తేలేవి రెండుకు మించకూడదు. బెదిరింపు ఉత్తరాలు అందులో ఒకటి కావాలి. మూడో పుస్తకం నుంచి ఆగిన పాఠకుడికి అది న్యాయం.

కొరాపుట్ చదువరి:

చావు గురించి నేను చెప్తాను.

గే పాత్రలను చివర్లో చంపేయడం కథల్లో ఎంత పాత అలవాటంటే, పాఠకుడు మొదటి పేజీ నుంచే దానికి సిద్ధపడి ఉంటాడు. కాబట్టి చంపితే ఆశ్చర్యమూ లేదు, బరువూ లేదు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913-14లోనే రాశారు. ఇద్దరు మగవాళ్ల ప్రేమ సుఖాంతం కావాలని పట్టుబట్టి అలాగే ముగించారు. ఆ ముగింపుతో ఆ రోజుల్లో అచ్చు వేయడం కుదరదని తెలిసి దాచేశారు. ఆయన పోయాక 1971లో గానీ అది బయటికి రాలేదు. ఒక్క ముగింపును కాపాడుకోవడానికి ఒక రచయిత తన జీవితకాలమంతా పుస్తకాన్ని పెట్టెలో ఉంచారు. ఈ రోజు మీకు ఆ అడ్డంకి లేదు కదా, మరి చంపడమెందుకు?

జోసెఫ్ హాన్సెన్ పుస్తకాలు దొరికితే వరుసగా చదవండి. ఆయన డిటెక్టివ్ డేవ్ బ్రాండ్‌స్టెటర్ బీమా కంపెనీల తరఫున మరణాల క్లెయిములు విచారిస్తాడు. 1970 నుంచి 1991 వరకు 12 నవలలు. మొదటి నవలలోనే అతను ఎన్నో ఏళ్లు కలిసి బతికిన సహచరుణ్ణి పోగొట్టుకుని, ఆ దుఃఖంతోనే పనిలోకి వస్తాడు. హాన్సెన్ ఏడుపు దృశ్యాలు పెట్టి ఆ దుఃఖాన్ని చెప్పలేదు. అతను ఇల్లు సర్దలేకపోవడంలో, ఎదుటివాళ్ల దుఃఖాన్ని ఇట్టే పసిగట్టడంలో చెప్పారు. పుస్తకం పుస్తకానికీ అతని వయసు పెరుగుతుంది, ఊరు మారుతుంది. పన్నెండో పుస్తకానికి చేరేసరికి వీడ్కోలుకు పాఠకుడు తనంతట తానే సిద్ధమై ఉంటాడు. మీ వాళ్లు 2016 నుంచి 2025 దాకా వచ్చారు, తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లు ఒంటి మీద కనిపించాలి. ఫొటోగ్రాఫర్‌కి కళ్లజోడు వచ్చిందా? పంచనామా ఫొటోకి గొంతుక్కూర్చోవాలి కదా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?

ఇంకొకటి. రచయిత విసుగుతో చంపితే పాఠకుడికి తెలిసిపోతుంది. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి, 1903లో మళ్లీ బతికించాల్సి వచ్చింది. అగాథా క్రిస్టీ అలా చేయలేదు. తన డిటెక్టివ్ పాయిరో ఆఖరి కేసును రెండో ప్రపంచ యుద్ధం నాడే రాసి పక్కన పెట్టారు, అది 1975లో వచ్చింది. అంటే ముగింపు ముందే ఉంది, మిగతా పుస్తకాలు దానివైపు నడిచాయి. మీకు ఆ అవకాశం దాటిపోయింది. కానీ ఆఖరి అధ్యాయం ఇప్పుడే చిత్తుగా రాసుకుని, ఆ తర్వాత పుస్తకం మొదటి నుంచి రాయడం ఇప్పటికీ మీ చేతిలో ఉంది.

రాయగడ వకీలు:

మహేంద్రతనయ గారూ, మీ కథాకాలం 2025 అన్నారు కాబట్టి కొన్ని జాగ్రత్తలు. ముగింపు కూడా ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

మొదట బెదిరింపు ఉత్తరాలు. మూడో పుస్తకం ఏ సంవత్సరంలో జరుగుతుందో చూసుకోండి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి ఇష్టపూర్వక సంబంధాలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తప్పించింది. ఆ తేదీకి ముందు ఉత్తరం రాసినవాడు "పోలీసులకు చెప్తా, కేసు పెట్టిస్తా" అని బెదిరించగలడు. ఆ తర్వాత ఆ బెదిరింపుకు పళ్లుండవు. ఇంటి ఓనరుకు చెప్తా, అక్కకు చెప్తా, బార్ అసోసియేషన్‌లో చెప్తా అనే బెదిరించాలి. ఏడో పుస్తకంలో అదే మనిషి మళ్లీ ఉత్తరం రాస్తే ఈ తేడా కనిపించాలి. తిరగబడి కేసు పెట్టాల్సింది ఇప్పుడు మీ వకీలు. బలవంతపు వసూలు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకు పాత ఐపీసీ 302 అని రాయకండి, 103 రాయండి. ఈ ఒక్క అంకె తప్పయితే కోర్టు తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

శవం పాతపట్నం వైపు దొరికితే మరణ విచారణ ఆంధ్రా పోలీసులది, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 194 కింద. వాళ్లు పర్లాకిమిడి నుంచి మీ ఫొటోగ్రాఫర్‌ను ఎందుకు పిలుస్తారు? పిలవరు. దళారి కనపడటం లేదని ఇంటివాళ్లు ముందే పర్లాకిమిడి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఉండాలి. ఏ స్టేషన్‌కు వెళ్లినా ఫిర్యాదు తీసుకుని, సున్నా నంబరుతో ఎఫ్ఐఆర్ కట్టి, హద్దు ఉన్న స్టేషన్‌కు పంపాలని అదే సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. అలా రెండు రాష్ట్రాల మధ్య కాగితం నడుస్తుంది, మీ వాళ్లు దాని వెనక నడుస్తారు. మన ఒడిశా వైపు స్టేషన్ అధికారి ఐఐసీ, అంటే ఇన్‌స్పెక్టర్ ఇన్ ఛార్జి. అటువైపు సీఐ, ఎస్సై అంటారు. ఒకే పేజీలో కలిపేయకండి.

విల్లు. విల్లుకు ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కోర్టులో రుజువు చేయడానికి ఆ ఇద్దరిలో కనీసం ఒకరిని పిలవాలి. మీ దళారిని ఆ ఇద్దరిలో ఒకణ్ణి చేయండి. అతను ఎక్కువ డబ్బు అడిగాడు, ఇవ్వకపోతే నిజం చెప్తానన్నాడు. రెండో సాక్షి హంతకుడి చెప్పుచేతల్లో ఉన్నాడు. ఒక్క సాక్షి చాలు కాబట్టి ఎదురుతిరిగేవాడు పోతే హంతకుడికి లాభమే. చంపడానికి ఇంతకంటే సాదా కారణం దొరకదు, సాదాగా ఉన్న కారణమే నమ్మకంగా ఉంటుంది.

విల్లు దొంగదని ఎలా తేలాలి? పాతపట్నం రైతు తన పొలం గురించి రాయిస్తే సర్వే నంబరు వేస్తాడు, విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో ఉంటుంది. ఒడిశా కాగితాల్లో మౌజా, ఖాతా, ప్లాట్ నంబరు ఉంటాయి, విస్తీర్ణం ఎకరాలు, డిసిమిళ్లలో. రెండూ ఎకరంలో నూరో వంతే కాబట్టి అంకె చూస్తే తప్పు కనపడదు. రాసిన తీరు చూస్తేనే దొరుకుతుంది. ఆంధ్రా పొలం విల్లులో "2 ఎకరాల 35 డిసిమిళ్లు" అని ఉందంటే, అది రాసిన చేయి ఒడిశా కాగితాలకు అలవాటుపడ్డ చేయి. మూడో పుస్తకం ఉత్తరాల్లో కూడా అదే చేయి ఉందని వకీలు పట్టుకోవాలి. బుక్‌షెల్ఫ్ గారు చెప్పిన రెండు ముళ్లూ ఒకచోట విడిపోతాయి.

ఇక ఈ ఇద్దరూ పరిశోధనలు ఎందుకు మానేస్తారు? ఇది మీరు అడగలేదు గానీ అసలు ప్రశ్న ఇదే. నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలి, వీలైతే మొబైల్ ఫోన్‌తోనే. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్థలానికి వచ్చి, జరిగే పనిని వీడియో తీయించాలని 176 చెప్తోంది, రాష్ట్రాలు దాన్ని అమలుకు తేవడానికి ఐదేళ్ల వరకు గడువుంది. అంటే బజార్లో స్టూడియో పెట్టుకున్న మనిషిని స్టేషన్ నుంచి పిలిచే రోజులు అయిపోతున్నాయి. ఏడో పుస్తకంలో అతనికి ఆ ఫోను రాదు. దర్యాప్తు అధికారి తన సెల్‌ఫోన్‌తో తీసుకుంటున్నాడు. పాత మెమరీ కార్డులో 2016 నాటి ఫొటో సాక్ష్యంగా కావాల్సి వచ్చి అతను కోర్టుకు వెళ్లాలి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద డిజిటల్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది అతను నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి సంఖ్య, వేయాలి. ఆ సర్టిఫికెట్ మీద సంతకమే అతని ఆఖరి పోలీసు పని. సిరీస్ ఆగడానికి కారణం వాళ్ల వృత్తిలోంచే రావాలి. రైలెక్కించడం బయటినుంచి తెచ్చిపెట్టిన కారణం.

మహేంద్రతనయ:

వకీలు గారూ, డిసిమిళ్ల మాట చాలా పెద్ద సాయం, అది వాడుకుంటాను. ఫోను రాకపోవడం గురించి చదువుతుంటే ఏడో పుస్తకం మొదటి అధ్యాయం కళ్ల ముందు కనిపించింది.

రెండు అనుమానాలు. పెళ్లి గురించి ఎవరూ తేల్చలేదు. పాఠకులు మనస్ఫూర్తిగా అడుగుతున్నారు, ఊరికే కొట్టిపారేయలేను. ఇంకొకటి, బుక్‌షెల్ఫ్ గారు చెప్పిన ఐదు వేల మాటల చిన్న చిక్కు ఏమిటన్నది. ఇల్లు మారడం అనుకున్నాను. అద్దె ఇల్లు దొరక్కపోవడం నాలుగో పుస్తకంలో వాడేశాను.

గుణుపురం ప్యాసింజర్:

నాకు బుక్‌షెల్ఫ్ గారి లెక్క ఎక్కువ అనిపిస్తోంది. ఆరో వంతు అంటే ఇంచుమించు ఓ చిన్న నవలిక. మిస్టరీ కోసం చదివేవాళ్లు సగంలో వదిలేస్తారు. ఆరు వేల మాటలు చాలు. రెండు వేలు అలసట, మూడు వేలు చిక్కు, వెయ్యి మాటల్లో చివరి అధ్యాయం. చివరి అధ్యాయం పొట్టిగా ఉంటేనే నిలుస్తుంది.

వెనకటి కథ చెప్పేటప్పుడు రైలు చూసుకోండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు, గేజ్ మార్పు కోసం 2004లో ఆగింది. గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ 2011లో గానీ రాలేదు. ఐదో పుస్తకంలో ఫొటోగ్రాఫర్ 2007లో గుణుపురం నుంచి రైల్లో దిగినట్టు ఉంది. ఆ సంవత్సరం ఆ దారిలో రైలు లేదు. కొత్త ముద్రణ వేస్తే బస్సు చేయండి. ఏడో పుస్తకంలో ఆ ప్రయాణం మళ్లీ తలుచుకుంటే మాత్రం రైలు అనకండి, పాత తప్పు రెండోసారి అచ్చవుతుంది.

మాటతీరు గురించి కూడా ఒకటి. చాలామంది రచయితలు ఆఖరి అధ్యాయానికి వచ్చేసరికి పాత్రల చేత పుస్తకభాష మాట్లాడిస్తారు. ఆరు పుస్తకాలు "ఏటి బాబూ, ఎప్పుడొచ్చినారు?" అన్న మనుషులు చివర్లో ఉపన్యాసం ఇస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి కథ మీది. ఆఖరి పేజీలో కూడా ఆ ఊరి మాటే ఉండనివ్వండి. ఫొటోగ్రాఫర్ తెలుగులో ఒడియా యాస కూడా తగ్గించకండి.

బరంపురం బుక్‌షెల్ఫ్:

గుణుపురం గారూ, మిస్టరీ ఒక్కటే కోరేవాళ్లు ఏడో పుస్తకం దాకా రారు, మూడో దాని దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఆఖరి పుస్తకం కొనేది ఇద్దర్నీ ప్రేమించినవాళ్లే. అయినా చిత్తు రాశాక ఒక పరీక్ష చేయొచ్చు. ఆ 10 వేల మాటలు ఎవరికైనా గట్టిగా చదివి వినిపించాలి. విన్నవాడు తర్వాత ఏమైంది అని అడగని చోటల్లా రెండు పేరాలు తీసేయాలి. తీసేశాక ఏడు వేలు మిగిలితే ఏడు వేలే. చివరి అధ్యాయం పొట్టిగా ఉండాలన్నది మాత్రం ఒప్పుకుంటాను.

వారం వారం ఆన్‌లైన్‌లో పెడుతున్నట్టయితే, హంతకుడు దొరికే అధ్యాయం తర్వాత వారం ఆపొద్దు. అక్కడి నుంచి రెండు రోజులకొకటి చొప్పున పెట్టండి. ఆఖరి రెండు అధ్యాయాలు ఒకే రోజు రావాలి. ఆ మధ్యలో వారం ఖాళీ ఇస్తే కామెంట్లలో పాఠకులే మీ ముగింపును ఊహించి, దాని మీద కొట్లాడి, మీది వచ్చేసరికి అలసిపోతారు. ఆఖరి అధ్యాయం కింద రచయిత మాట పెట్టకండి, కృతజ్ఞతలు వేరే పోస్టులో చెప్పుకోవచ్చు. కథ ఆఖరి వాక్యానికీ మీ గొంతుకీ మధ్య కనీసం ఒక రోజు ఉండాలి.

రాయగడ వకీలు:

పెళ్లి మాట. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఇవ్వలేమని తీర్పు చెప్పింది. కాబట్టి 2025 కథలో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టించకండి, అది జరగదు. గుళ్లో దండలు మార్పించొచ్చు, ఎవరూ ఆపరు, చట్టం మాత్రం దాన్ని పెళ్లిగా చూడదు. మీ వకీలు చట్టం మీద పిచ్చి నమ్మకం ఉన్న మనిషి. చట్టం గుర్తించని దండలకు అతను ఒప్పుకుంటాడా? నాకు అనుమానమే. చట్టం ఎంతవరకు తలుపు తీసిందో అంతవరకు వెళ్లి నిలబడే మనిషి అతను.

ఆ తలుపు కొంచెం తీసి ఉంది. స్వలింగ జంటలు జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో అలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడమని కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. మీకు కావాల్సిన చిన్న చిక్కు ఇదే. హత్య కేసు తేల్చిన మనిషి సప్లై ఆఫీసు కౌంటరు ముందు నిలబడి రేషన్ కార్డు అడుగుతాడు.

ఈ దృశ్యం ఎలా నడుస్తుందో చెప్తాను. ఢిల్లీ నుంచి వచ్చిన సలహా ఉత్తరం కౌంటరు గుమస్తాకు తెలిసి ఉండకపోవచ్చు. వకీలు దాని ప్రింటు తీసుకెళ్తాడు. గుమస్తా చెడ్డవాడు కానక్కర్లేదు, సంబంధం అన్న గడిలో ఏం రాయాలో తెలియక తికమకపడే మనిషి చాలు. పైఅధికారిని అడిగి రమ్మంటాడు. మర్నాడు రమ్మంటాడు. ఆధార్‌లో చిరునామా వేరేగా ఉందంటాడు. ఫొటోగ్రాఫర్ ఆధార్ ఇంకా స్టూడియో చిరునామాతోనే ఉంది, ముందు అది మార్పించుకోవాలి, దానికి మళ్లీ ఒక రుజువు. ఐదు వేల మాటలు సులువుగా సరిపోతాయి. అర్హత గురించి పాఠకుడు అడుగుతాడు. ఫీజు ఎగ్గొట్టే కక్షిదారులే ఎక్కువని ఆరు పుస్తకాలుగా రాశారు కాబట్టి, ఆదాయం తక్కువని నమ్మడం కష్టం కాదు.

విల్లు కూడా మర్చిపోకండి. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, వారసత్వం వేరే సంగతి. ఇల్లు, స్టూడియో ఒకరి తర్వాత ఒకరికి చెందాలంటే ఇద్దరూ విల్లులు రాసుకోవాలి. దొంగ విల్లుతో మొదలైన పుస్తకంలో రెండు మంచి విల్లులు రాయడం పాఠకుడికి నచ్చుతుంది. సాక్షుల్లో ఒకరు అక్క అయితే ఆమె కొస కూడా అక్కడే తేలిపోతుంది. ఆమె ఎందుకు మాట మానేసిందో పొడుగ్గా చెప్పించకండి. వచ్చి సంతకం పెడితే చాలు.

ఒక ప్రశ్న: ఇద్దరిలో పెద్దవాడెవరో ఎక్కడైనా రాశారా? జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో కుటుంబ పెద్దగా 18 దాటిన ఆడవాళ్లలో పెద్దామెను రాయాలి. ఇంట్లో అలాంటి ఆడమనిషి లేకపోతే మగవాళ్లలో పెద్దవాడు. మీ కార్డు మీద ఎవరి పేరు పైన ఉండాలో వయసు తేలుస్తుంది.

మహేంద్రతనయ:

ఇప్పుడే వెతికి చూశాను. రెండో పుస్తకం 2017లో జరుగుతుంది, అందులో వకీలుకు 31 నిండినట్టుంది. నాలుగో పుస్తకంలో ఫొటోగ్రాఫర్ "నేను నీకంటే రెండేళ్లు చిన్న" అంటాడు. ఆరో పుస్తకంలో 2023 ఆసుపత్రి చీటీ మీద ఫొటోగ్రాఫర్ వయసు 38 అని ఉంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవడం లేదు. నాలుగో పుస్తకంలో ఆ మాట తీసేయాలా?

కొరాపుట్ చదువరి:

ఏదీ తీయకండి! వకీలు 1986లో పుట్టాడు. చీటీ నిజమైతే ఫొటోగ్రాఫర్ 1985 వాడు, ఏడాది పెద్ద. అంటే నాలుగో పుస్తకంలో అతను వయసు తగ్గించి చెప్పాడన్నమాట. అప్పటికి ఇద్దరూ కొత్తగా ఒక ఇంట్లోకి వచ్చారు, అలాంటి రోజుల్లో మనిషి అలా చెప్పడం సహజమే. వకీలు ఐదేళ్లుగా నమ్మాడు. ఇప్పుడు సప్లై ఆఫీసులో గుమస్తా ఇద్దరి ఆధార్ జెరాక్సులు పక్కపక్కన పెట్టి, పుట్టిన తేదీలు చూసి, కుటుంబ పెద్ద పేరు పైకి చదువుతాడు. వకీలు తన పేరే వస్తుందని పెన్ను తీసి ఉంటాడు, గుమస్తా ఫొటోగ్రాఫర్ పేరు చదువుతాడు. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో మీకే బాగా తెలుసు, అది రాసేయండి.